ఇప్పలగూడెం డెల్లమ్మలు

ఖమ్మం స్టేషన్లో

అమెరికా నుంచి వచ్చే అతిథి పేరు అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని, దాన్ని గుండెకు ఆనించి పట్టుకుని ఖమ్మం స్టేషన్లో నిలబడ్డాను. రైలు వచ్చింది, పోయింది. దిగినవాళ్ళు దిగినట్టే మెట్లెక్కి వెళ్ళిపోయారు. ప్లాట్‌ఫాం మీద మిగిలింది సమోసాల అతనూ, నేనూ, నా ఎదురుగా నీలం పెట్టె మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్న ఒకావిడా. నల్లటి మనిషి, పొడగరి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, వయసు నాకంటే రెండు మూడేళ్ళు ఎక్కువే ఉంటుంది. నా అట్ట చూసి నవ్వుతోంది. నేనూ మర్యాదకు నవ్వి, ఆవిడ తల మీదుగా అమెరికా కోసం వెతుకుతున్నాను.

చివరికి ఆవిడే లేచి వచ్చి అట్ట మీది పేరును వేలితో తట్టింది. "లొరెయిన్. నేనే," అంది ఇంగ్లీషులో. "నువ్వు నన్ను మూడుసార్లు చూశావు. నాలుగోసారి చూస్తావేమోనని ఆగాను."

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆదివారపు బడిలో పాఠాలు చెబుతున్నాను. మనుషులు పైరూపం చూస్తారు, దేవుడు హృదయం చూస్తాడు అనే పాఠాన్ని బొమ్మలు అతికించి మరీ చెప్పినదాన్ని. అమెరికా అనగానే తెల్లటి ముఖం కోసం చూసిన నా కళ్ళకు ఆ పాఠం అంటనేలేదని ఆ రోజు తెలిసింది. క్షమించమని అడిగాను. "పర్లేదు, హైదరాబాదులో టాక్సీ అతనూ ఇంతే," అంటూ ఆవిడ పెట్టె నా చేతికిచ్చింది. నా ప్రాయశ్చిత్తం అక్కడే మొదలైంది. ఆ పెట్టె బియ్యం బస్తా కంటే బరువు.

ఆవిడ వచ్చిన పని ఒకటే. వాళ్ళమ్మగారు బడిపంతులమ్మగా చేసిన మనిషి. తొంభై దాటాయి, మంచం పట్టారు. ఆ అమ్మగారి మేనత్త డెల్లా అనే నర్సు, దాదాపు నూరేళ్ళ కిందట మిషను తరఫున మన భద్రాచలం అడవి అంచున ఇప్పలగూడెం అనే ఊరికి వచ్చి, అక్కడే జ్వరంతో చనిపోయింది. సమాధి కట్టి రాయి మీద పేరు చెక్కించామని ఆ రోజుల్లో ఇంటికి ఒక ఉత్తరం వెళ్ళింది.

"మా కుటుంబంలో అంతకు ముందు పోయినవాళ్ళు బానిసలు," అంది లొరెయిన్, మా ఇంట్లో కాళ్ళు చాపుకుని టీ తాగుతూ. "వాళ్ళను పూడ్చినచోట పొలంలో దొరికిన రాళ్ళు పెట్టారు. ఒక్క అక్షరం ఉండదు. ఏ రాయి కింద ఎవరున్నారో మాకు తెలియదు. మాలో రాతి మీద పేరెక్కిన మొదటి మనిషి డెల్లా. ఆ పేరు ఇంతవరకు మా ఇంట్లో ఎవరూ కళ్ళతో చూడలేదు. వెళ్ళి చదివి రమ్మంది మా అమ్మ. ఆలస్యం చేయొద్దంది."

అందుకోసం పల్చటి కాగితాల చుట్ట, నల్లటి మైనపు ముద్ద తెచ్చుకుంది. రాతి మీద కాగితం పరిచి మైనంతో రుద్దితే అక్షరాలు కాగితం మీదికి వస్తాయట. దాన్ని వాళ్ళింటి పాత బైబిలులో, పుట్టినవాళ్ళ పేర్లూ పోయినవాళ్ళ పేర్లూ రాసుకునే పేజీలో అతికించాలి.

మర్నాడు మా చర్చి ఆఫీసు గోడకున్న పాత ఫోటో చూపించాను. ముందు వరుసలో కుర్చీల్లో దొరలు, దొరసానులు. వెనక వరుస చివర తెల్లచీరలో ఒక నల్లటి యువతి. కింద రాసిన పేర్లలో ఆమెది లేదు. లొరెయిన్ అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. "మా అమ్మ నుదురు," అంది.

ఆ అద్దాన్ని ముప్పై ఏళ్ళుగా తుడుస్తున్నది నేనే. ఆమెను వంటమనిషి అనుకున్నాను. ఆ సంగతి లొరెయిన్‌కు చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను.

కొత్తగూడెం బస్సు

"ఆధార్ తీయుండ్రి అమ్మా," అంది కండక్టరమ్మ. నేను కార్డు చూపించి ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్టు తీసుకున్నాను. లొరెయిన్ పాస్‌పోర్టు తీసింది.

"ఇదేంది?"

"ఆమెది అమెరికా అమ్మా."

కండక్టరమ్మ పాస్‌పోర్టునూ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. "అమెరికానా? అచ్చం మా వైరా పెద్దమ్మ తీరే ఉన్నది. మొన్ననే పెండ్లిల కలిసిన." టికెట్టు కొట్టి డబ్బు తీసుకుంటూ బాధపడింది. "ఆధార్ ఉంటే పైసల్ మిగులుతుండె గద, పెద్దమ్మా."

లొరెయిన్ తన ఊళ్ళో ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైంది. అందుకని పట్టుబట్టి డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. కాసేపటికి డ్రైవరు నన్ను పిలిచాడు.

"ఏందమ్మా, ఆమె నా కాళ్ళ దిక్కే చూస్తున్నది?"

"ఆమె ముప్పై ఏండ్లు బస్సు నడిపింది నాయనా. క్లచ్చు చూస్తోంది."

అతను చొక్కా సర్దుకున్నాడు. అప్పటి నుంచి లైసెన్సు పరీక్షకు వచ్చినవాడిలా నడిపాడు. ప్రతి మలుపుకూ హారను, ప్రతి గతుకుకూ బ్రేకు, రోడ్డు దాటే ప్రతి మేకకూ దారి. లొరెయిన్ మెచ్చుకోలుగా తల ఊపేకొద్దీ వేగం తగ్గుతోంది. వెనక నుంచి ఒక తాత విసుక్కున్నాడు. "ఏం నడుపుతున్నవన్నా, ఇది బస్సా, పెండ్లి బారాతా? జల్దీ పోనియ్, దవాఖానకు పోవాలె."

ఏన్కూరు దాటాక టైరు పంచరైంది. డ్రైవరు జాకీ తీయగానే లొరెయిన్ దిగి, చక్రం లేపకముందే నట్లు వదులు చేయాలని చేతులతో చూపించింది. "నాకు తెల్వదా?" అన్నాడతను నాతో. తర్వాత అలాగే చేశాడు.

రోడ్డు పక్కన పత్తి చేను. ఆడవాళ్ళు వంగి పత్తి ఏరుతున్నారు. లొరెయిన్ గట్టు మీద నిలబడిపోయింది. తలకు ఎర్రగుడ్డ చుట్టుకున్న ఒకామె నవ్వి, "ఏరుతవా అమ్మా? కిలోకు పన్నెండు రూపాలు," అంది. లొరెయిన్ చేలోకి దిగి ఒక కాయ పట్టుకుని లాగింది. పత్తితోపాటు ఎండాకు వచ్చింది.

"గట్ల గాదు. మూడు వేళ్ళతోని గుంజాలె. ఆకు వస్తే సేటు కోత వెడతడు."

"మా ముత్తవ్వ దీన్ని పొద్దున్నుంచి చీకటిదాకా ఏరేది," అంది లొరెయిన్. "డబ్బులు ఉండేవి కావు. తూకం తగ్గితే కొరడా ఉండేది." నేను తెలుగులో చెప్పాను.

ఎర్రగుడ్డ ఆమె చెయ్యి ఆగింది. "మరెట్ల బతికిండ్రు?"

"పాడుకుంటూ, ప్రార్థన చేసుకుంటూ. కొందరు పారిపోతూ."

"మేమూ పాడుతం," అంది ఆమె ఆలోచించి. "పారిపోవుడే కుదుర్త లేదు. పిల్లల ఫీజులున్నయ్."

తర్జుమా విని లొరెయిన్ పడీపడీ నవ్వింది. ఆమె కూడా నవ్వింది. బస్సెక్కాక చూస్తే లొరెయిన్ గుప్పెట్లో ఆ పత్తి ఉంది. "నా పిల్లలెవరూ పత్తి ముట్టకూడదని మా అమ్మ ఒట్టు పెట్టుకుంది. ఈ సంగతి ఆమెకు చెప్పకు," అంటూ సంచీలో దాచుకుంది.

విమల ఇంట్లో

కొత్తగూడెంలో మా పిన్ని కూతురు విమల ఇంట్లో దిగాం. ఆమె భర్త బొగ్గు గనిలో పనిచేస్తాడు. గని క్వార్టరు, రెండు గదులు, వెనక చిన్న పెరడు. విమల కోడికూర, పప్పుచారు, బెండకాయ వేపుడు చేసింది. లొరెయిన్ కోడికూర వదిలేసి బెండకాయ గిన్నె తన వైపు జరుపుకుంది.

"ఇది మాది," అంది. ఓడల్లో గొలుసులతో తెచ్చిన తన పూర్వీకుల వెంట ఆఫ్రికా నుంచి వచ్చిన కూర అట.

విమలకు చెబితే ఒప్పుకోలేదు. "ఆళ్ళదెట్లయితది అక్కా? నిన్న మన పెరట్ల తెంపిన."

వండేముందు విమల కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేయడం లొరెయిన్ గమనించింది. కొలత తప్పిందేమో అనుకుందట. మా సంఘాల్లో ఆడవాళ్ళు ప్రతి పూటా అలా ఒక పిడికెడు దేవుని పనికి తీసి, ఆదివారం గుడికి తెస్తారని చెప్పాను. ఆవిడ అన్నం ముందు కూర్చుని ఆ డబ్బానే చూసింది.

"డెల్లాను తన ఊరి ఆసుపత్రి చేర్చుకోలేదు. నల్లవాళ్ళకు అక్కడ నర్సు ఉద్యోగం లేదు," అంది. "మా చర్చి ఆడవాళ్ళు శనివారాలు చిలగడదుంపల తీపి రొట్టెలు చేసి అమ్మి ఓడ టికెట్టు కొన్నారు. ఎన్ని శనివారాలో. వాళ్ళను నేనెప్పుడూ ఊహించుకోలేకపోయాను. ఇదిగో, ఈవిడలా ఉంటారన్నమాట."

విమల సిగ్గుపడి ఇంకో గరిటె బెండకాయ వేసింది.

గోదావరి దాటాక

భద్రాచలం వంతెన మీద బస్సు మెల్లగా పోతుంటే లొరెయిన్ కిటికీలోంచి గోదావరిని చూసి తల మీద చెయ్యి పెట్టుకుంది. మా పాటల్లో ఇలాంటి నది దాటడమే ఉంటుంది, అంది. బానిసత్వంలో ఉన్నవాళ్ళకు నదికి అవతల ఒడ్డంటే పరలోకమూ అదే, స్వేచ్ఛా అదేనట. మాకు అవతల ఒడ్డున బస్టాండు వచ్చింది.

ఊరంతా రాములవారి భక్తులు. అందరూ మమ్మల్నీ ఆ వరుసలోనే కట్టి, గుడికి దారి చూపించారు. వందనాలు చెప్పుకుంటూ బొంగు చికెన్ కొట్టు వెతుక్కున్నాం. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క ఉండదు. బొంగు నాలుగు వందలు చెప్పాడు. తిన్నాక లొరెయిన్ ఖాళీ బొంగు కూడా కావాలంది. "దాన్నేం జేసుకుంటది?" అన్నాడు కొట్టతను. మా అమ్మకు వాసన చూపించాలి అంది ఆవిడ. అతను అప్పుడే కాల్చిన ఇంకో బొంగు ఖాళీ చేసి, నీళ్ళతో కడగకుండా, కాగితంలో చుట్టి ఇచ్చాడు. "కడిగితే వాసన వోతది," అన్నాడు. డబ్బు తీసుకోలేదు.

అక్కడి నుంచి ఆటోలో అడవి దారి. టేకు చెట్లు, కోసిన వరి, పచ్చటి మిరప తోటలు, మళ్ళీ టేకు చెట్లు. శనివారం మధ్యాహ్నానికి ఇప్పలగూడెం చేరాం.

సంఘమంతా ఊరి మొదట్లో డప్పుతో నిలబడి ఉంది. పాస్టరు యేసుపాదం గారు ముప్పై ఏళ్ళవాడు, వచ్చి రెండేళ్ళయిందట. బంతిపూల దండ పట్టుకుని ఎదురొచ్చి, "అమెరికా దొరసానమ్మకు వందనాలు," అంటూ దండ నా మెడలో వేశాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నా కళ్ళద్దాలు, నా చామనఛాయ నన్ను అమెరికాదాన్ని చేశాయి. లొరెయిన్ కూడా చప్పట్లు కొట్టింది, అందరికంటే గట్టిగా. స్టేషన్లో నేను చేసింది ఇక్కడ నా మెడకే పడింది.

అప్పుడు జనంలోంచి ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, నన్ను పక్కకు జరిపి, లొరెయిన్ చేయి పట్టుకుంది. ముఖంలోకి చూసింది. "వచ్చినవా," అంది. "మీవోళ్ళు వస్తరని మా అమ్మ అంటుండె. గిన్నేండ్లకా?"

ఎవరు డెల్లమ్మ?

"డెల్లా అనే పేరు ఇక్కడ ఎవరికైనా తెలుసా అని అడుగు," అంది లొరెయిన్, గుడి అరుగు మీద కూర్చున్నాక. నూరేళ్ళయింది, తెలియదంటారేమోనని భయం.

అడిగాను. అయిదుగురు ఆడవాళ్ళు చేతులెత్తారు.

కర్ర పట్టుకున్న ముసలమ్మ పెద్ద డెల్లమ్మ. బట్టలు కుట్టే డెల్లమ్మ, అంగన్‌వాడీ డెల్లమ్మ, కిరాణా కొట్టు డెల్లమ్మ. పదో తరగతి చదివే డెల్లమ్మకు ఆ పేరు నచ్చదు. బడిలో స్వీటీ అని రాయించుకుంది. ఇంకొకామెను ఎర్రుపాలెం ఇచ్చారట, ఆమెతో ఆరుగురు.

"మా అమ్మమ్మ కాన్పు కష్టమైతే డెల్లా దొరసానే తీసింది," అంది పెద్ద డెల్లమ్మ. "గుడిసెలకొచ్చి, చాప మీద కూసొని తీసింది. మిగిలిన దొరసానులు గడప తొక్కకపోతుండ్రి. ఈమె మన తీరే ఉండెనట, మనింట్లనే తినేదట. అప్పటిసంది ఇంటికొక ఆడపిల్లకు ఆ పేరే."

"దొరసాని పేరని కాదు," అని పాస్టరు సర్దబోయాడు. "అది లేఖనాల్ల ఉన్న పేరే గద, టీచరమ్మా?"

"లేదు," అన్నాను. జిల్లా బైబిలు వాక్య పరీక్షలో మూడుసార్లు మొదటి బహుమతి తెచ్చుకున్నదాన్ని.

"ఉంటది. పాత నిబంధన వంశావళులల్ల ఉంటది. అండ్ల లేని పేరంటూ లేదు."

"లేదు నాయనా."

"మొత్తం చదివిండ్రా?"

"చదివాను," అన్నాను. నిజం చెప్పాలంటే, ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అని మొదలు కాగానే నా వేళ్ళు వాటంతట అవే పేజీ తిప్పేస్తాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ రహస్యం నాకూ దేవునికీ మధ్యే ఉంది. లొరెయిన్ మాత్రం అయిదుగురినీ ఒక్కొక్కరుగా పేరు చెప్పించి, తిరిగి తాను పలికి, చేయి కలిపింది. స్వీటీ కూడా డెల్లమ్మ అనే చెప్పింది.

ఆమెన్

ఆదివారం ఆరాధనకు చెప్పులు బయట విడిచి, చాపల మీద ఆడవాళ్ళొక వైపు, మగవాళ్ళొక వైపు కూర్చున్నాం. పాటలు తెలుగులో కొన్ని, కోయ భాషలో కొన్ని.

మావాళ్ళు ఆమెన్ అనే మాటను చివర్లో ఒక్కసారి అంటారు. లొరెయిన్ వాళ్ళ సంఘంలో అలా కాదు. బోధకుడు మంచి మాట అన్నప్పుడల్లా కూర్చున్నవాళ్ళు బదులివ్వాలి. లేకపోతే పాపం అతను ఒంటరివాడైపోతాడు, అంది. పాస్టరు మొదటి వాక్యం ముగించగానే ఆవిడ మాట అర్థం కాకపోయినా స్వరాన్ని బట్టి "ఆమెన్" అంది. పాస్టరు ఉలిక్కిపడ్డాడు. రెండో వాక్యానికీ అంది. పాస్టరు వెన్ను నిటారుగా చేశాడు. నాలుగోసారి అంగన్‌వాడీ డెల్లమ్మ కలిసింది. అరగంటకు మగవాళ్ళ వైపు నుంచి కూడా వస్తోంది. జీవితంలో మొదటిసారి జవాబు దొరికిన ఆ యువకుడు అరగంట ప్రసంగాన్ని రెండు గంటలు చేశాడు. సంఘ పెద్ద చేతిగడియారం విప్పి, చెవి దగ్గర పెట్టుకుని, అది నడుస్తోందో లేదో చూసుకున్నాడు.

ఆరాధనయ్యాక అందరూ కలిసి తినే ప్రేమ విందు చల్లారిపోయింది. అందరూ నావైపే చూశారు, లొరెయిన్‌ను తెచ్చింది నేనే కాబట్టి.

చింతతోపులో

విందయ్యాక సమాధి చూడ్డానికి గుడి వెనక చింతతోపులోకి వెళ్ళాం. దూరం నుంచే తెల్లగా మెరుస్తోంది. దగ్గరికెళ్ళి చూస్తే అంతా సున్నమే.

నవంబరులో సమాధుల పండుగకు మనవాళ్ళు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. డెల్లా సమాధికి అలా ఏటా వేస్తూనే ఉన్నారు. పూత మీద పూత, దాని మీద పూత. అంచులు గుండ్రమైపోయి ఆ సమాధి ఒక పెద్ద ఇడ్లీలా ఉబ్బింది. పైన పలక ఉందని తెలుస్తోంది కానీ ఒక్క గీత లేదు. లొరెయిన్ అరచేత్తో అటు నుంచి ఇటు తడిమింది. నున్నగా ఉంది. కాగితం పరిచి మైనంతో రుద్దింది. కాగితమంతా నల్లగా అయింది, అంతే.

"మళ్ళీ అక్షరం లేని రాయేనా?" అంది. అంత పెద్ద మనిషి నేల మీద కూర్చుండిపోయింది.

ఇలాంటిదేదో ఉంటుందని నేను ఖమ్మం నుంచే చింతపండు, పీచు, మొండి చాకు తెచ్చాను. చింతపండు పిసికి పోసి గీకడం మొదలుపెట్టబోతుంటే కర్ర చప్పుడు వినిపించింది. పెద్ద డెల్లమ్మ, ఆమె వెనక తక్కిన నలుగురు, సున్నం బకెట్టుతో, కుంచెలతో. పండుగ ఆ వారమే.

"ఏం జేస్తున్నవ్ టీచరమ్మా?"

"అక్షరాలు పైకి తీద్దామని, అవ్వా."

"యాడికి వోతయ్ అక్షరాలు? లోపల్నే ఉంటయ్." చాకు వైపు చూసింది. "గీకితే ముందుగాల పోయేది నేను పూసింది. దాని కింద మా అత్తది. దాని కింద మా అమ్మది. నన్ను కడుపుల వెట్టుకొని పూసిందట. గీకుతవా?"

నా చెయ్యి గాల్లోనే ఉంది. ఒక పక్క మంచం మీద ఎదురుచూసే తల్లి. ఇంకో పక్క ఈ తల్లులు. లొరెయిన్‌కు కాస్త మెత్తగా తర్జుమా చేశాను.

"నువ్వు తగ్గిస్తున్నావు. ఆమె అన్నది అన్నట్టే చెప్పు," అంది ఆవిడ.

చెప్పాను. లొరెయిన్ ఆ తెల్లటి ఉబ్బు మీద చెయ్యి వేసింది. "మా రాళ్ళున్న పొలం ఎవరో కొని కంచె వేశారు. మా అమ్మ కంచె బయట నిలబడి ప్రార్థన చేసేది. వాటిని ముట్టుకున్న చెయ్యి ఒక్కటి కూడా లేదు," అంది. మైనం, కాగితాలు సంచీలో పెట్టేసింది. "నాకో కుంచె ఇవ్వమను."

తనకు కావలసిన పేరు మీద తన చేతులతోనే ఇంకో పూత వేసింది. బస్సు తోలినట్టే వేసింది, వరుస తప్పకుండా, అంచు దాటకుండా. కిరాణా డెల్లమ్మ సున్నంలో నీలిమందు కలిపింది. నేను చింతపండు నీళ్ళు పారబోశాను. "అమ్మకు మాత్రం ఏం చదివి చెప్పను?" అని లొరెయిన్ పూస్తూ పూస్తూ రెండుసార్లు అంది. నా దగ్గర బైబిలు వాక్యాలు చాలా ఉన్నాయి. ఒక్కటీ తీయలేదు.

పూత పూర్తయ్యాక పెద్ద డెల్లమ్మ అందర్నీ వెనక్కి జరగమంది. వంగి, తలవైపు తడి సున్నంలో చూపుడు వేలితో గీయడం మొదలుపెట్టింది, ముగ్గు వేసినంత అలవాటుగా.

"ఏంటవ్వా అది?"

"దొరసాని ముగ్గు. ఇది అరచందమామ. ఇది దువ్వెన. వీళ్ళు కాళ్ళు సాపి కూసున్న ఇద్దరు. ఇది గుడిసె."

నేను చందమామను చూస్తున్నాను, దువ్వెనను చూస్తున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు అక్షరాలు దిద్దించినదాన్ని. లొరెయిన్ చేతిలోంచి కుంచె జారిపడింది.

"డి," అంది మెల్లగా. "ఈ. ఎల్. ఎల్. ఏ."

పెద్ద డెల్లమ్మకు చదువు రాదు. అవి అక్షరాలని ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవర్నీ అడగలేదు. "ఏమున్నదండ్ల?" అంది మేమిద్దరం ఏడుస్తుంటే. "రాతి గంట్లల్ల సున్నం ఇరుకుతే మా అమ్మ చీపురుపుల్లతోని తీసేది. నేనూ తీసిన. నిండిపోయినంక ఆడనే పైన వేలితోని గీస్తున్నం. వానకు పోతది. మల్ల గీస్తం."

తోపులో సిగ్నలు లేదు. కబురు విని వచ్చిన పాస్టరు తన ఫోను జేబులో పెట్టుకుని, బైబిల్లో ప్రభువును చూడ్డానికి చెట్టెక్కిన పొట్టి సుంకరిలా చింతచెట్టెక్కి, రెండో కొమ్మ మీద నిలబడి లొరెయిన్ ఫోనుకు నెట్టు ఇచ్చాడు. అక్కడ పొద్దున్న, ఇక్కడ సాయంత్రం. తెర మీద తెల్లటి దిండు, దాని మీద చిన్న ముఖం, ఫోటోలో చూసిన ఆ నుదురు. లొరెయిన్ ఫోనును సమాధి మీద పట్టుకుంది. సున్నం ఇంకా తడిగానే ఉంది.

అమ్మగారు కళ్ళద్దాలు అడిగారు. ఎవరో పెట్టారు. పెదవులు కదిలాయి. ఒకసారి చదివారు, మళ్ళీ చదివారు. మేమంతా ఫోను వైపు వంగాం. చెట్టు మీద పాస్టరు కూడా.

"రెండో ఎల్ తిరగబడింది," అన్నారు అమ్మగారు. బడిపంతులమ్మ గొంతు అది, ఎక్కడైనా ఒకటే. "దిద్దమను."

నేను పెద్ద డెల్లమ్మకు చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"మా అమ్మ మార్చింది దాన్ని. ఒకలెనక ఒకలు కూసుంటే ఏం మాట్లాడుకుంటరు? ఎదురుబొదురు కూసుండాలె గద. అమ్మకు చెప్పు, మాట్లాడుకుంటున్నరని."

లొరెయిన్ చెప్పింది. దిండు మీది ముఖం చాలాసేపు కదల్లేదు. నెట్టు పోయిందేమోనని పాస్టరు ఇంకో కొమ్మ ఎక్కాడు.

"అయితే ముట్టుకోవద్దను," అన్నారు అమ్మగారు. "మాట్లాడుకోనీ."

మళ్ళీ ఖమ్మం

లొరెయిన్ రైలెక్కి పదిరోజులైంది. వాళ్ళింటి బైబిలు పేజీ ఫోటో పంపింది. బానిసల కాలం దగ్గర ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. డెల్లా పేరు దగ్గర చందమామ, దువ్వెన, ఎదురెదురుగా ఇద్దరు, గుడిసె గీసి ఉన్నాయి. దాని కింద అమ్మగారే, వణికే చేత్తో, ఆరుగురు డెల్లమ్మల పేర్లు రాశారు. వెదురు బొంగు మంచం పక్కనే ఉందట.

మొన్న పాస్టరు ఫోను చేశాడు. "టీచరమ్మా, వంశావళులు మొత్తం చదివిన. డెల్లమ్మ లేదు."

"నాకు తెలుసు నాయనా," అన్నాను. తెలుసు, ఎందుకంటే నేను కూడా ముందు రోజే చదవడం పూర్తి చేశాను, మొదటిసారి, ఒక్క పేరూ దాటకుండా.

ఫోను పెట్టగానే ఇంకొకటి వచ్చింది. కొత్త గొంతు. "నేను ఎర్రుపాలెం డెల్లమ్మనండి. అమెరికాల రాసిండ్రంట గద పేర్లు. నాది రాసిండ్రా?"

"రాశారమ్మా. ఆరోది నీదే."

"ఆరోదా? పెద్ద డెల్లమ్మ తర్వాత పుట్టింది నేను. తక్కినోళ్ళంతా నా ఎనక. రెండోది గావాలె నాది. స్వీటీ పేరు నా మీదెట్ల రాస్తరండీ?"

వంశావళులు అంత పొడుగ్గా, అంత జాగ్రత్తగా ఎందుకు రాశారో నాకు అప్పుడు అర్థమైంది. కాగితం తీసుకుని, ఎవరి తర్వాత ఎవరో మొదటి నుంచి చెప్పమన్నాను.